అత్తగారికి తెలియని పీహెచ్‌డీ

ప్రశ్న: నమస్కారమండీ. నేను బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ వాళ్ళకి పాఠాలు చెబుతాను. మాది అనంతపురం జిల్లా. ఈ ఏడాది "సైన్స్ రైటింగ్" అని ఒక కొత్త పేపరు పెట్టి, వారానికి రెండు పీరియడ్లు నా నెత్తిన వేశారు. క్లాసులో 24 మంది. కన్నడం వాళ్ళు, మన తెలుగు వాళ్ళు, తమిళులు అందరూ ఉన్నారు. మొదటి వారం "మీ ప్రాజెక్టు గురించి మామూలు మనిషికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో ఒక పేజీ రాయండి" అన్నాను. సగం మంది రిపోర్టులో ఉన్న అబ్‌స్ట్రాక్టే దించేశారు. కొందరు "అనాది కాలం నుంచి మానవుడు..." అని ఎత్తుకున్నారు. మిగతావి చాట్‌జీపీటీ రాసినవని చూడగానే తెలిసిపోయింది. పిల్లలు మొద్దులు కారండీ, నోటితో అడిగితే చక్కగా చెబుతారు. గ్రామర్ నుంచి మొదలుపెట్టాలా? "తేలిక చేస్తే తప్పయిపోతుంది మేడమ్" అని ఒకబ్బాయి రోజూ వాదిస్తున్నాడు, వాడికేం చెప్పాలి? మార్కులు ఎలా వెయ్యాలి? నిజం చెప్పొద్దూ, నాకే ఇలాంటివి రాయడం రాదు. వేరుశనగ వేళ్ళ మీద బుడిపెల్లో ఉండే బాక్టీరియా మీద పీహెచ్‌డీ చేశాను. నలభై ఏళ్ళు శనక్కాయ పండించిన మా అత్తగారు ఇప్పటికీ దాన్ని "ఏందో పురుగుల చదువు" అంటారు.
– ఒక లెక్చరర్, బెంగళూరు

సమాధానం:

లెక్చరర్ గారికి,

మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాగున్న వాక్యం చివరిది. అత్తగారి దగ్గరికి నెమ్మదిగా వద్దాం. ముందు గ్రామర్ సంగతి తేల్చేస్తాను: వద్దు. నోటితో చక్కగా చెబుతారని మీరే రాశారు. నోటికి వచ్చినది చేతికి రావడం లేదంటే రోగం ఇంకెక్కడో ఉంది.

ఆ పిల్లల వైపు నుంచి ఒకసారి చూడండి. ఒకటో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా పదిహేడేళ్ళుగా రాస్తున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు రాసింది చదివిన మనిషి ఒకే రకం, జవాబు ముందే తెలిసినవాడు. స్లిప్ టెస్టు దిద్దే టీచరు, రికార్డు మీద సంతకం పెట్టే సారు, యూనివర్సిటీ పేపర్లు కట్టలు కట్టలుగా దిద్దే ఎగ్జామినరు, అందరూ అదే జాతి. అలాంటి పాఠకుడికి కొత్తగా ఏదీ చెప్పక్కర్లేదు. "నాకూ తెలుసండీ" అని నమ్మిస్తే చాలు. నమ్మించడానికి కీవర్డులు కావాలి. "కీవర్డు పడితే అర మార్కు ఖాయం" అని నూరిపోసింది మనమే కదా! ఆ మాట కనబడగానే టిక్కు కొట్టి పేజీ తిప్పేసిన చేతులే మీవీ, నావీ.

అలా పెరిగిన పిల్లల్ని ఒక సోమవారం పొద్దున నిలబెట్టి, "ఏమీ తెలియని మనిషికి రాయండి" అన్నారు మీరు. ఆ మనిషిని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. అందుకే సగం మంది అలవాటైన పాత ఎగ్జామినరుకే రాశారు, అదే మీకొచ్చిన అబ్‌స్ట్రాక్టు. కొందరు ఎవరికి రాయాలో తోచక ఆకాశానికి రాశారు, అదే "అనాది కాలం". మిగిలిన వాళ్ళు ఆ బెడద మెషీన్ మీదికి తోసేశారు. మూడు రకాల కాగితాలు వచ్చినా జబ్బు ఒకటే.

కాబట్టి "మామూలు మనిషి" అనే మాట ముందు మీరే మానేయండి. బెంగళూరులో ఆ మనిషిని ఎక్కడ వెతుకుతారు? మీ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, ఎదురు వీధిలో సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంది, ఆ అమ్మాయిని ఆఫీసుకి తీసుకెళ్ళే ఆటో అన్న ఉన్నాడు. ముగ్గురికీ మూడు వేరు వేరు సంగతులు తెలుసు. ఒక్కరిని ఎంచుకోమనండి, పేరూ ముఖమూ ఉన్న ఒక్కరిని.

వచ్చే వారం రాయించకండి, ఫోన్ చేయించండి. ప్రతి ఒక్కరూ ఇంటికి ఫోన్ చేసి, అమ్మకో అమ్మమ్మకో నాన్నకో, ఇంట్లో మాట్లాడే భాషలో తమ ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. ఫోన్ పెట్టేశాక, తాము చెప్పింది కాకుండా అవతలి నుంచి వచ్చిన ప్రశ్నలు మాత్రం ఉన్నవున్నట్టు కాగితం మీద పెట్టాలి. హోంవర్కు అంతే.

ఇది నేను చేయించి చూసిన పని. కొన్నేళ్ళ కిందట ఇక్కడే ఒక కాలేజీలో పది క్లాసులు తీసుకోమంటే వెళ్ళాను. అందులో మదనపల్లె అమ్మాయి ఒకతె ఉండేది. ఇడ్లీ పిండి మీద ప్రాజెక్టు. ఆమె ఇంగ్లీషులో రాసుకొచ్చిన మొదటి వాక్యాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "వివిధ ఉష్ణోగ్రతల వద్ద ఇడ్లీ పిండి కిణ్వన ప్రక్రియలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా యొక్క పాత్ర అధ్యయనం చేయబడినది." తప్పేమీ లేదు. ఇడ్లీ కూడా లేదు.

తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. పిండి ఎందుకు పులుస్తుందో చూస్తున్నామంటే, వాళ్ళమ్మ "దానికి బెంగళూరు దాకా పోవల్లనా? నన్నడిగింటే చెప్పనా?" అని నవ్వింది. ఆ నవ్వు అయ్యాక మూడు ప్రశ్నలు వేసింది. పెరుగుకైతే తోడు వేస్తాం, పిండికి ఏమీ వెయ్యమే, మరి ఆ పురుగులు యాడ్నించి వస్తాయి? చలికాలంలో ఎందుకు పొంగదు? ఫ్రిజ్జులో పెడితే చచ్చిపోతాయా?

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు ఇంత మంచి ప్రశ్నలు వెయ్యగా నేను చూడలేదు. మొదటిదాని జవాబులోనే సగం మైక్రోబయాలజీ ఉంది. తోడు బయటి నుంచి రాదు, మినప్పప్పు మీదా బియ్యం మీదా ముందే ఉంటుంది. నానబోసి రుబ్బేసరికి ఆ జీవాలకి తిండీ తడీ దొరికి పెరుగుతాయి. వాటిలో ముందుండి పని చేసేది ల్యూకొనొస్టాక్ అనే బాక్టీరియా. పిండిలోని చక్కెరలు తిని పులుపునీ గ్యాసునీ విడుస్తుంది. ఆ గ్యాసు తేలిపోకుండా పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. వట్టి బియ్యం రుబ్బి పెడితే ఇడ్లీ రాకపోవడం అందుకే. రెండో ప్రశ్నకి జవాబు బెంగళూరులో కాపురమున్న ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలుసు: డిసెంబరు రాత్రి 15, 16 డిగ్రీలకి పడిపోతే ఆ జీవాలు మెల్లగా పని చేస్తాయి, అందుకే గిన్నెని దుప్పట్లో చుట్టి స్టవ్ పక్కన పెడతారు. చెన్నైలో ఆ బాధ లేదు. ఫ్రిజ్జులో చావవు, మందగిస్తాయి. నాలుగో రోజు పిండి పుల్లబడేది అందుకే.

ఆ అమ్మాయి తిరిగి రాసిన మొదటి పేరా నాకు ఇంకా గుర్తు. "పెరుగుకి తోడు వేస్తాం. ఇడ్లీ పిండికి ఏమీ వెయ్యం. అయినా పొద్దున లేచేసరికి గిన్నె మూత పైకి లేచి ఉంటుంది. మరి తోడు ఎవరు వేశారు?" ఈసారి తెలుగులో రాసింది. ఇంగ్లీషు మీడియం పిల్ల కాబట్టి గుణింతాల్లో తప్పులున్నాయి. ఉంటే ఉన్నాయి, నేను దిద్దుకున్నాను. ల్యూకొనొస్టాక్ పేరు నాలుగో పేరాలో వచ్చింది. అప్పటికి ఆ జీవి ఏం చేస్తుందో చదివేవాళ్ళకి తెలుసు, పేరు చెప్పించుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, గుమ్మంలో కాలు పెట్టగానే గోత్రం, ప్రవర చెప్పేసే పెళ్ళివారిలాగా.

మీ వాళ్ళని కూడా మొదటి చిత్తు ఇంటిభాషలో రాయనివ్వండి. ఇంగ్లీషు పేజీయే కావాలని పై వాళ్ళు పట్టుబడితే తర్వాత మార్చుకుంటారు. ఇక్కడ ఒక హెచ్చరిక. తెలుగులో రాయమంటే మన పిల్లలు ఉన్నట్టుండి ప్రభుత్వ గెజెట్టు అయిపోతారు. పరిశీలించబడినది, గమనించబడినది, తేల్చబడినది... ఈ "బడు" అంటుకున్న చోటల్లా "చూసింది ఎవరమ్మా?" అని అడగండి. "మేమే" అంటారు. అయితే "మేం చూశాం" అని రాయమనండి. ఫ్రిజ్జు, గ్యాసు, బాక్టీరియా లాంటి మాటల జోలికి వెళ్ళకండి, అవి ఎప్పుడో తెలుగైపోయాయి. "కిరణజన్య సంయోగక్రియ" అని రాసినంత మాత్రాన తెలుగులో చెప్పినట్టు కాదు. మా బడిలో ఆ మాటని పదిసార్లు రాయించారు. ఆకు ఎండని పట్టుకుని తిండి వండుకుంటుందని నాకు తట్టింది ఇంకెప్పుడో.

ఇప్పుడు మీ వాదించే అబ్బాయి. నాకైతే క్లాసు మొత్తంలో వాడే నచ్చాడు. భయం సగం న్యాయమైనదే. వాడితో గదమాయింపు పనికిరాదు, ఒక ఉదాహరణ ముందు పెట్టి కూర్చోబెట్టండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకని నీళ్ళు 100 డిగ్రీల దాకా పోకుండా 97 దగ్గరే మరుగుతాయి. ఇది ఒక గృహిణికి రాయాలనుకోండి. ఒత్తిడికీ మరిగే ఉష్ణోగ్రతకీ ఉన్న సమీకరణం వదిలెయ్యొచ్చు. నీళ్ళలో ఉప్పు వేస్తే ఆ అంకె కాస్త మారుతుందన్నదీ వదిలెయ్యొచ్చు. అవి లేకపోయినా ఆమెకి అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ "ఎత్తు మీద నీళ్ళు తొందరగా మరుగుతాయి" అని రాశామా, పని చెడింది. శాస్త్రం ప్రకారం ఆ వాక్యంలో తప్పు పట్టలేం. చదివిన ఆమెకి మాత్రం "అయితే పప్పు తొందరగా ఉడుకుతుంది కాబోలు" అని వినబడుతుంది. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు: నీళ్ళు 97 దాటి వేడెక్కవు కాబట్టి విడి గిన్నెలో కందిపప్పు నెల్లూరులో కంటే ఇక్కడ ఆలస్యంగా ఉడుకుతుంది. "తొందరగా" తీసేసి "తక్కువ వేడికే" అని పెడితే చిక్కు విడిపోతుంది. కుక్కర్ సంగతి కూడా కలిపితే ఇంకా మంచిది. అది ఆవిరిని బిగబట్టి లోపలి వేడిని దాదాపు 120 డిగ్రీలకి తీసుకెళ్తుంది కాబట్టి, బెంగళూరు కాపురాల్లో ఈ తేడా ఎవరికీ పెద్దగా తెలియదు.

ఇక్కడ తేలిక చెయ్యడమంటే ఒక్క మాట దగ్గర ఆగి, అవతలివాళ్ళ చెవికి అది ఎలా వినబడుతుందో ఆలోచించడమే. నాలుగు సమీకరణాలు దించడం కంటే ఇది కష్టం. ఆ కష్టం ఇష్టపడే రకంలాగే ఉన్నాడు మీవాడు.

వాడు నిజంగా కాపలా కాయాల్సిన చోటు ఇంకొకటి ఉంది, తీపి ఎక్కువయ్యే చోటు. ఫోన్లలో ఏటా తిరిగే మాట ఒకటి మీరూ చూసే ఉంటారు: హీలియంని కనిపెట్టింది మన గుంటూరులో! వినడానికి బాగుంటుంది, ఛాతీ పొంగుతుంది. జరిగింది ఇది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త గుంటూరులో పరికరం బిగించి, సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని చీల్చి చూశాడు. అలా చీల్చితే ఒక్కో మూలకం తనవే అయిన రంగు గీతలు చూపిస్తుంది. ఆ గీతలు ఎంత మెరుస్తూ కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అప్పటికప్పుడే తట్టింది. మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు కూడా. అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ అనే ఆయన తన దారిన తాను అదే పని చేశాడు. అందులోని ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఇది కొత్త మూలకమై ఉండాలని ఊహించి, సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి పేరు పెట్టింది లాక్యర్. చాలామంది నమ్మలేదు. 1895లో రామ్సే లండన్‌లో ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువుని పట్టుకున్నాకే అనుమానం తీరింది.

గుంటూరు గొప్పతనం ఇందులో రవ్వంత కూడా తగ్గలేదు. పైగా ఇరవై ఏడేళ్ళ సస్పెన్సు కలిసొచ్చింది. ఆ ఒక్క ముక్క ఫార్వర్డు చేసినవాళ్ళు ఈ సస్పెన్సంతా పారేసుకున్నారు. మీ అబ్బాయిని ఈ పనికి పెట్టండి. క్లాసులో ఎవరు ఏది రాసినా, "ఇది ఇంత వరకే నిజం" అని గీత గియ్యడం వాడి బాధ్యత. పదవి ఇస్తే వాదన దానంతటదే తగ్గుతుంది, అనుభవం మీద చెబుతున్నాను.

వీలైతే ఒకరోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. మా తరం వాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్సీలో ఏటా ఓపెన్ డే జరుగుతుంది. ఆ రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. స్టాళ్ళలో వస్తువులు చూసి మురిసిపోకుండా, వివరించే పిల్లల మాటలు వినమనండి. నేను ఒకసారి పొద్దున పదింటికి ఒక బల్ల దగ్గర నిలబడి విన్నాను, మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి వచ్చి అదే బల్ల దగ్గర విన్నాను. పొద్దున ఆ కుర్రాడు తన రీసెర్చి ప్రపోజల్ అప్పజెబుతున్నాడు. మధ్యాహ్నానికి "ఇదిగో పాపా, ఈ రెండు అద్దాలూ చూశావా?" అంటున్నాడు. మధ్యలో వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. రెండు మూడు వందల ముఖాలు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. అర్థం కానప్పుడు చూపు పక్క బల్ల మీదికి పోతుంది కదా, దాన్ని చూసి చూసి దిద్దుకున్నాడు. కాగితానికి ఆ ముఖం లేదు, రాయడంలో ఉన్న ఇబ్బందంతా అదే.

ఓపెన్ డే దాకా ఆగలేకపోతే లాల్‌బాగ్ ఉంది. కెంపేగౌడ గోపురం కింద పరుచుకున్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. జియలాజికల్ సర్వే వాళ్ళు అక్కడ బోర్డు కూడా పెట్టారు. పొద్దున వాకింగుకొచ్చి ఆ బండ మీదే కూర్చుని బఠాణీలు తినే పెద్దాయనకి మూడు వాక్యాల్లో దాని సంగతి చెప్పమనండి. "3 బిలియన్" అన్నవాళ్ళని ఆపి, కోట్లలో చెప్పించండి. మనం అప్పులైనా ఆస్తులైనా కోట్లలో లెక్కపెట్టే జనం.

మార్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి చిత్తుకి మార్కులు వెయ్యకండి, వేశారంటే మళ్ళీ ఎగ్జామినరు నిద్ర లేస్తాడు. చిత్తుని ఫిజిక్స్ వాళ్ళకో కామర్స్ వాళ్ళకో ఇప్పించండి. చదివేవాళ్ళ చేతికి పెన్సిల్ ఇచ్చి, ఒక్కటే చెప్పండి: ఎక్కడ చదవబుద్ధి కాక ఆగిపోయారో అక్కడ అడ్డగీత. కామెంట్లు వద్దు, సలహాలు వద్దు. ఆ గీత మూడో లైన్లో పడితే రాసినవాళ్ళ ముఖం చూడాలి మీరు! రెండో చిత్తులో గీత ఎంత కిందికి జరిగిందో దాన్ని బట్టి సగం మార్కులు. మిగతా సగం మీ వాదించే అబ్బాయి గీతలకి జవాబు చెప్పగలిగినందుకు. చాట్‌జీపీటీ మీద పోలీసు పని పెట్టుకోకండి. మదనపల్లె అమ్మ ఏమడిగిందో దానికి తెలియదు. ఫోన్‌లో వచ్చిన ప్రశ్నలు జతపరచని పేజీ తీసుకోనని చెప్పండి, చాలు.

ఇక మీరు. మీకు రాయడం రాదన్నారు, నేనొప్పుకోను. ఉత్తరంలో పిల్లల గురించి రాసినంతసేపూ ఓ మోస్తరుగా ఉన్నారు. అత్తగారి మాట రాగానే మీ వాక్యం లేచి కూర్చుంది. పిల్లలతో పాటు మీరూ ఒక పేజీ రాయండి, బోర్డు మీద పెట్టి వాళ్ళ చేత అడ్డగీత గీయించుకోండి. మొదట్లో కాస్త చిన్నతనంగా ఉంటుంది. నా మొట్టమొదటి వ్యాసాన్ని ఒక వారపత్రిక సబ్ ఎడిటరు తిప్పి పంపుతూ, మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాశాడు: "ఎవరి కోసం?" నెల రోజులు అతన్ని తిట్టుకున్నాను.

మీ పేజీ ఎవరి కోసమో మీకు తెలుసు. ఈ వినాయక చవితికి ఊరెళ్ళినప్పుడు అత్తగారితో చేలోకి వెళ్ళండి. వాన పడి నేల మెత్తగా ఉంటే ఒక మొక్క మెల్లగా పీకి, వేళ్ళకున్న మట్టి దులపండి. ఆ బుడిపెలు ఆవిడ నలభై ఏళ్ళుగా చూస్తున్నవే. ఏ చీడో, నేల గుణమో అనుకుని ఉండొచ్చు. ఒక లావుపాటి దాన్ని గోటితో నొక్కి చీల్చి ఆవిడ చేతిలో పెట్టండి. లోపల లేత ఎరుపు ఉంటుంది. మన రక్తానికి ఆ రంగునిచ్చే పదార్థానికి అది దగ్గర చుట్టమనీ, లోపలున్న బాక్టీరియా గాలిలోంచి ఎరువు చేసేటప్పుడు ఆక్సిజన్ అడ్డం పడకుండా చూసేది అదేననీ మీకు తెలుసు. వెంటనే చెప్పెయ్యకండి. కాసేపు నోరు మూసుకుని నిలబడి, ఆవిడ ఏమడిగారో ఆవిడ మాటల్లోనే రాసుకోండి. నాకూ ఒక కాపీ పంపండి.